గుండు గెస్ట్

శుక్రవారం ఉదయం ఆరున్నరకు గుండూరావు ఆ రోజు ఇంట్లో జరగవలసినవి, జరగకూడనివి ఒక కాగితం మీద రాసి వంటింటి తలుపుకు అంటించాడు. పది గంటలకల్లా కుక్కరు ఈలలు అయిపోవాలి. పదిన్నర తర్వాత మిక్సీ వేయకూడదు. పదకొండుకు కాలింగ్ బెల్లు వైరు పీకేయాలి. పన్నెండు నుంచి ఒంటిగంట దాకా ఇంట్లో ఎవరూ తుమ్మకూడదు. చివరి అంశం కింద రెండు గీతలు గీశాడు.

"తుమ్ము వస్తే ఏం చేసేది?" అంది ఆయన భార్య మంగళ.

"పెరట్లోకి పో."

ఇదంతా నమ్రత కోసం. వాళ్ల కూతురు నమ్రత బెంగళూరులో ఒక బీమా కంపెనీలో క్లెయిములు చూస్తుంది. రెండేళ్లుగా మారికుప్పంలో తెల్లవారుజాము రైలెక్కి, రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరుతోంది. వారంలో నాలుగు రోజులు ఇంటి నుంచే పని చేస్తానని అడిగితే కంపెనీ ఒక పరీక్ష పెట్టింది. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఇంట్లో, తలుపు మూసిన గదిలో కూర్చుని పని చేయాలి. మొదటి రోజు ఏ నెట్‌తో మొదలుపెడితే చివరి రోజు దాకా అదే నెట్ వాడాలి. శుక్రవారం పన్నెండుకు మేనేజరుతో వీడియో కాల్. అది తెగకుండా సాగితే అనుమతి వస్తుంది. తెగితే సోమవారం మళ్లీ రైలు.

ఈ పరీక్ష కోసం గుండూరావు తన వంతుగా రెండు పనులు చేశాడు. మొదటిది, తిరుమల వెళ్లి తలనీలాలు ఇచ్చి రావడం. పని అయ్యాక తీర్చేది కదా మొక్కు, ముందే ఇస్తే ఎట్ల అని మంగళ అడిగింది. "స్టోర్సులో అడ్వాన్సు పోతేనే మాలు కదుల్తాది," అన్నాడు ఆయన. బంగారు గనులు మూతపడేదాకా గుండూరావు అక్కడి స్టోర్సులో గుమాస్తా. ఆ తర్వాత ఇరవై ఏళ్లు ఒక కాలేజీ ఆఫీసులో పని చేసి రిటైరయ్యాడు. ఇంటిని మాత్రం ఇప్పటికీ స్టోర్సులాగే నడుపుతున్నాడు.

రెండో పని మెష్. ఊరిగాంలో వాళ్లది గని కంపెనీ కాలంనాటి రాతి ఇల్లు. గోడ మందం అడుగున్నర. హాల్లో ఉన్న పెట్టె నుంచి వైఫై వెనక గదికి చేరదు. హాల్లో ఒక కొత్త పెట్టె, వెనక గదిలో ఇంకొకటి పెడితే రెండూ కలిసి ఇల్లంతా నెట్ ఇస్తాయని, దాన్నే మెష్ అంటారని నెట్ కంపెనీ మెకానిక్ గగన్ చెప్పాడు. పోయిన శనివారం వచ్చి బిగించాడు. నమ్రత ఆ రోజు ఆఫీసులో ఉంది. మంగళ సంతకు వెళ్లింది.

"పాత పెట్టెలో వైఫై ఆపేస్తా సార్," అన్నాడు గగన్. గుండూరావు ఒప్పుకోలేదు. నడుస్తున్న సామానును ఆపడం స్టోర్సు పద్ధతి కాదు. పైగా పాత వైఫైకి ఆయన ఇలవేల్పు వినాయకుడి ఊరి పేరు, కురుడుమలె అని పెట్టుకున్నాడు. "పేరు కూడా అదే ఉండనీ," అన్నాడు. గగన్ సరేనన్నాడు. గుండూరావు ఫారం నింపి సంతకం చేశాడు. గగన్ బండి మలుపు తిరిగాక, వెనక గదిలోని రెండో పెట్టెను పీకి, గగన్ ఇచ్చిన కాగితాలతో సహా బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఒకటి వాడకంలో ఉండాలి, ఒకటి స్టాకులో ఉండాలి. మొదటిది చెడితే రెండోది తీస్తారు. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. స్టాకు సంగతి అడగనివాళ్లకు చెప్పడం కూడా స్టోర్సు పద్ధతి కాదు.

శుక్రవారం ఏడింటికి కాఫీ గ్లాసు పట్టుకుని హాల్లో కూర్చున్నాడు. అంతా సరిగా ఉందో లేదో ఒకసారి చూద్దామని ఫోనులో వైఫై జాబితా తెరిచాడు. ఆయన ఆ జాబితా తెరవడం అదే మొదటిసారి. అన్నిటికన్నా పైన కురుడుమలె ఉంది. దాని కింద వి.టి. స్టోర్స్ ఉంది. అది పక్కింటి వెంకటేశయ్యది. ఆ కింద ఇంగ్లీషు అక్షరాల్లో మూడు పేర్లున్నాయి. గుండు. గుండు 5జి. గుండు గెస్ట్.

గుండూరావు గ్లాసు కింద పెట్టి తల తడుముకున్నాడు. తొమ్మిది రోజుల వెంట్రుకలు అరచేతికి గుచ్చుకున్నాయి.

"ఏమే మంగళా, ఈడికి రా."

మంగళ వచ్చి ఫోను చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నవ్వతా ఉండావా?"

"నవ్వలేదు. తుమ్ము వస్తా ఉండాది. ఇంగా పన్నెండు కాలేదు కదా."

"దేవునికి ఇచ్చిన తల ఇది! దీని మీద బోర్డు కట్టినారు. ఒగటి కాదు, మూడు! సరే, గుండు అంటే నేను. ఫైవ్ జి అంటే ఏమి? గెస్ట్ అంటే ఎవురు?"

"చూసేదానికి వచ్చినోళ్లకి వేరే పెట్టినారేమో," అని మంగళ వంటింట్లోకి వెళ్లింది. ఆమె నిజంగానే తుమ్మలేదు.

మూడు పేర్ల పక్కనా సిగ్నలు గీతలు నిండుగా ఉన్నాయి. అంటే పెట్టింది దగ్గరివాళ్లే. వీధిలో ఈ ఇంటితో గోడ పంచుకున్న ఇల్లు ఒక్కటే, వెంకటేశయ్యది. పైగా ఒక సాక్ష్యం ఉంది. తిరుమల నుంచి దిగిన మర్నాడు వెంకటేశయ్య గోడ మీదుగా తొంగి చూసి, "ఏం రావుగారూ, ఎండ నేరుగా తగల్తా ఉండాదా?" అన్నాడు. గుండూరావు ఆ మాటను తేదీతో, వేళతో గుర్తుపెట్టుకున్నాడు.

ఎనిమిదింటికి పక్కింటి మెట్లెక్కాడు. వెంకటేశయ్యకు రాబర్ట్‌సన్‌పేట బజారులో కిరాణా అంగడి ఉంది. అంగడి తాళాలు చేత పట్టుకుని బయటికొస్తున్నాడు.

"రండి రావుగారూ. కాఫీ తాగతారా?"

"కాఫీకి రాలేదు. ఇది ఏమి?"

వెంకటేశయ్య అద్దాలు పెట్టుకుని ఫోను చదివాడు. తర్వాత గుండూరావు తల చూశాడు. మళ్లీ ఫోను చూశాడు. నవ్వు ఆపుకోవడానికి దగ్గాడు. దగ్గు చాలలేదు.

"చూసినారా! చేసినోడే నవ్వతాడు."

"నేను చేసినానా? నా ఫోనులో ఒక ఫోటో పంపాలంటే మా అంబుజమ్మ రావాల. నేను వైఫైకి పేరు పెడతానా?"

"మరి వి.టి. స్టోర్స్ అని ఎవురు పెట్టినారు?"

"వైరు లాగినోడు పెట్టినాడు."

"ఆ వైరు లాగినోడితోనే ఇవీ పెట్టించినారు! ఎండ తగల్తా ఉండాదా అని అడిగినప్పుడే నాకు తెలుసు."

"రావుగారూ, ఎండను ఎండ అన్నా తప్పేనా? అసలు నేనే మిమ్మల్ని అడగాలని ఉండా. మీరు ఆ కొత్త మిషను పెట్టినప్పటి నుంచి మా ఇంట్లో నెట్ నడవలేదు. సోమవారం నుంచి టీవీలో సీరియలు ముందుకు పోలేదు, బొంగరం మాదిరి తిరగతానే ఉండాది. మీ మిషను మా నెట్ గుంజుకుంటా ఉండాది!"

"నా మిషను దొంగతనం చేస్తాదా?"

లోపలి నుంచి వెంకటేశయ్య భార్య అంబుజమ్మ గరిటె పట్టుకుని వచ్చింది. "మిషను గుంజుకోలేదు లెండి. అది మీ అమ్మా..." అని ఆగింది.

"మా అమ్మా? మా అమ్మ పోయి పదేండ్లయింది," అన్నాడు గుండూరావు.

"ఏం లేదు. దోస మాడతా ఉండాది," అని అంబుజమ్మ లోపలికి పోయింది. మాడిన వాసన ఏదీ రాలేదు. ఆ సంగతి ఎవరూ గమనించలేదు.

ఈలోగా ఎదురింటి ఆరోగ్యదాస్ వీధి దాటి వచ్చాడు. ఆయన గనిలో ఇరవై రెండేళ్లు రాయి పేల్చే పని చేశాడు. గట్టిగా మాట్లాడితే తప్ప ఆయనకు వినపడదు. ఆ ఉదయం ఇద్దరూ గట్టిగానే మాట్లాడుతున్నారు కాబట్టి మొత్తం విన్నాడు. తన ఫోను తీసి చూసుకున్నాడు. అందులోనూ మూడు పేర్లున్నాయి.

"సార్, ఇది నవ్వే సమాచారం కాదు," అన్నాడు. "మా తమిళంలో గుండు అంటే బాంబు."

"దాసూ, ఇది నా తల గురించి."

"మీ తల మీకు పెద్దది సార్. నేను గని లోపల రాయికి మందు పెట్టినోణ్ణి. పెట్టేవాడు ఎన్ని పెట్టినాడో, యాడ పెట్టినాడో రాసి పెట్టుకుంటాడు. ఈడ మూడు రాసి ఉండాది. ఒకటి మామూలుది. ఒకటి ఫైవ్ జి. ఒకటి గెస్ట్‌కి."

"గెస్టులకు ఎవురన్నా బాంబు పెడతారా?" అన్నాడు వెంకటేశయ్య.

"నేను అడిగేదీ అదే," అంటూ ఆరోగ్యదాస్ స్టేషనుకు ఫోను చేశాడు.

గుండూరావు అడ్డు చెప్పలేదు. పోలీసులు రావడమే మంచిదనుకున్నాడు. ఇంటికి వెళ్లి ఫిర్యాదు రాశాడు. విషయం అన్న చోట, మొక్కు తీర్చుకున్న తలను గాలిలో అవమానించడం గురించి అని రాశాడు. ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి మూడు పేర్లూ విడివిడిగా చూపించాడు. ఎండ మాటను అనుబంధంగా జోడించాడు. వెనక గది తలుపు మూసి ఉంది. నమ్రత చెవులకు హెడ్‌ఫోను పెట్టుకుని పన్నెండింటి కాల్‌కు కాగితాలు సర్దుకుంటోంది. వీధిలో ఏం జరుగుతోందో ఆమెకు తెలియదు.

పదీ పదికి బీటు కానిస్టేబులు చిక్కవెంకటప్ప మోటారు సైకిలు మీద వచ్చాడు. వెంకటేశయ్య అంగడికి పోవడం మానుకుని అరుగు మీద కూర్చున్నాడు. నాలుగో ఇంటి నుంచి సౌభాగ్య టీచరు కూడా వచ్చింది. చిక్కవెంకటప్ప ఫిర్యాదు చదవలేదు. ఫోను చదివాడు.

"గుండు," అన్నాడు. "గుండు గెస్ట్." తల పైకీ కిందికీ ఊపాడు. "ఎన్ని దినాల నుంచి నడస్తా ఉండాది సార్ ఈ యాపారం?"

"ఏం వ్యాపారం?" అన్నాడు గుండూరావు.

చిక్కవెంకటప్ప పిడికిలి బిగించి, బొటనవేలు నోటి దగ్గర పెట్టి, తల వెనక్కి వంచి చూపించాడు. "కన్నడదల్లి గుండు హాకోదు అంటే మందు కొట్టేది కదా సార్. గెస్టులకు వేరే పెట్టిండారు. ఫైవ్ జి అంటే ఏమి, ఐదు గ్లాసులా?"

"బాంబు సార్," అన్నాడు ఆరోగ్యదాస్.

"తల!" అని అరిచాడు గుండూరావు. "నా తల! నేను మొక్కిన తల! దీన్ని తిట్టినారని నేను రాసిస్తే మందు అంటారేమప్పా?"

"మందు," అని పలుకుతూ చిక్కవెంకటప్ప నోటుబుక్కులో రాసుకున్నాడు.

"అవును సార్, మందే," అన్నాడు ఆరోగ్యదాస్. ఆయన ఉద్దేశం వేరే మందు.

ఆ విధంగా పది గంటల ఇరవై నిమిషాలకు ఆ వీధిలో ఒక మాట మీద మూడు భాషల్లో మూడు నేరాలు తయారయ్యాయి. ముద్దాయి మాత్రం ఇంకా దొరకలేదు.

దారి చెప్పింది గుండూరావే. స్టోర్సులో ఒక సామాను లెక్కకు తేలకపోతే ఒక్కో అర ఖాళీ చేస్తూ పోతారు. ఇక్కడా ఒక్కో ఇంట్లో కరెంటు ఆపుతూ పోవాలి. ఏ ఇంట్లో ఆపినప్పుడు గుండు మాయమవుతుందో గుండు ఆ ఇంటిదే.

"అట్లయితే మీ ఇల్లు?" అన్నాడు వెంకటేశయ్య.

"ఫిర్యాదు ఇచ్చినోడి ఇల్లు సోదా చేస్తారా యాడన్నా? పైగా మా పాపకు పన్నెండుకు కాల్ ఉండాది. మా ఇంట్లో కరెంటు ముట్టేది లేదు."

చిక్కవెంకటప్పకు ఇది సబబుగానే తోచింది. మొదట ఆరోగ్యదాస్ ఇంట్లో మెయిన్ స్విచ్ దించారు. టీవీ ఆగింది. గుండు ఆగలేదు. తర్వాత సౌభాగ్య టీచరు ఇంట్లో దించారు. గ్రైండరులో ఇడ్లీ పిండి సగంలో నిలిచింది. గుండు అలాగే ఉంది. "నా పిండి పులిసిపోతే ఎవురప్పా జవాబు?" అని ఆమె అడిగింది.

పదకొండూ ఇరవైకి వెంకటేశయ్య వంతు వచ్చింది. ఆయన ఇంట్లో ఇంకా పింగాణీ ఫ్యూజులే ఉన్నాయి. వరండాలోని బోర్డు దగ్గరికి పోయి, మెయిన్ ఆపి, ఫ్యూజు పీకి, అందరికీ కనపడేలా పైకెత్తి పట్టుకున్నాడు. జాబితాలోంచి వి.టి. స్టోర్స్ పోయింది. గుండు, గుండు 5జి, గుండు గెస్ట్ మూడూ ఉన్నాయి.

"చూడండి! అందరూ చూడండి!" అన్నాడు వెంకటేశయ్య.

అదే క్షణంలో గుండూరావు ఇంటి లోపలి నుంచి నమ్రత కేక వినిపించింది. "నాన్నా! నెట్ పోయింది!"

వీధిలో అందరూ ఆ ఇంటి వైపు తిరిగారు. గుండూరావు వెంకటేశయ్య వైపు తిరిగాడు.

"మా ఇంట్లో కరెంటు ఉండాది," అన్నాడు. "ఆయన ఫ్యూజు పీకినాడు. మా నెట్ పోయింది. ఇంగ అర్థం కాలేదా? మా లైను ఆయన ఇంట్లోకి లాక్కోనుండాడు! నా లైను, నా నెట్, నా తల మీద బోర్డు! నేను బిల్లు కట్టిన నెట్‌తో నన్నే తిట్టినాడు! రాసుకోండప్పా, దొంగతనం అని కూడా రాసుకోండి!"

చిక్కవెంకటప్ప రాసుకున్నాడు. రాసుకుంటూ వెంకటేశయ్యను పైనుంచి కిందికి చూశాడు.

వెంకటేశయ్య ముఖంలో అప్పటిదాకా ఉన్న నవ్వు పోయింది. ముప్పై ఏళ్లుగా అంగడిలో తూకం మీద మాట పడనివాడు. ఫ్యూజును చొక్కా జేబులో వేసుకుని గుండీ పెట్టుకున్నాడు.

"దొంగ అన్నారు కదా. ఈ మాట ఎనక్కి తీసుకునేదాకా ఈ ఫ్యూజు నా జేబులోనే ఉంటాది. సాయంత్రం దాకా కూచోమన్నా కూచుంటా. రేపటి దాకా కూచోమన్నా కూచుంటా."

"కూచోండి! దొంగ సొత్తు పట్టుకుని యాడ కూచుంటే ఏమి!"

నమ్రత గుమ్మంలోకి వచ్చింది. మెడలో హెడ్‌ఫోను వేలాడుతోంది. వీధిలో కానిస్టేబులును, ఆరోగ్యదాస్‌ను, పిండి చేతులతో ఉన్న టీచరును, జేబు మీద చెయ్యి పెట్టుకున్న వెంకటేశయ్యను చూసింది. "నాన్నా, ఒక మాట..." అంది.

"నువ్వు లోపలికి పో తల్లీ. నీ నెట్ ఎత్తుకుపోయినోణ్ణి పట్టుకునే ఉండాం."

"అది కాదు నాన్నా..."

"పో అంటా ఉండా కదా!"

అప్పుడు మంగళ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "అన్ని ఇండ్లూ చూసినారు. మనదొకటే మిగిలింది. అదీ చూస్తే సరిపోతాది కదా," అంది.

"ఏమే, మన ఇంటినే అనుమానిస్తావా?"

"నేను అనుమానించలేదు. స్విచ్ దించతా ఉండా." ఆమె అప్పటికే లోపలికి వెళ్లింది.

అందరూ చిక్కవెంకటప్ప ఫోను మీదికి వంగారు. మంగళ స్విచ్ దించిన చప్పుడు వీధిలోకి వినిపించింది. కురుడుమలె పోయింది. గుండు పోయింది. గుండు 5జి పోయింది. కాసేపు ఊగిసలాడి గుండు గెస్ట్ కూడా పోయింది. జాబితా ఖాళీ అయింది. స్విచ్ ఎత్తాక మూడు నిమిషాలకు నాలుగూ తిరిగి వచ్చాయి. గెస్టు ముందుగా వచ్చింది.

గుండూరావు ఫోను తీసి గగన్‌కు చేశాడు. నలుగురూ వినాలని స్పీకరు పెట్టాడు. ఆ స్పీకరు పెట్టినందుకు తర్వాత ఆయన చాలాసార్లు చింతించాడు.

"గగన్, మా ఇంట్లో గుండు అని ఎవురు పెట్టినారప్పా?"

"మీరే సార్," అన్నాడు గగన్. "పెట్టె ఆన్ చేస్తే ఫారంలో ఉండే ఫస్ట్ నేమ్ తానే తీసుకుంటాది, దానికే ఫైవ్ జి అని, ఇంటికి వచ్చినోళ్లకు గెస్ట్ అని ఇంకో రెండు కూడా తానే వేస్తాది. మీరు ఫస్ట్ నేమ్ గుండు, లాస్ట్ నేమ్ రావు అని రాసినారు."

గుండూరావు నలభై ఏళ్లుగా ఇంగ్లీషులో తన పేరును రెండు ముక్కలుగానే రాస్తున్నాడు. ఫారంలో రెండు గళ్లు ఉంటే రెండూ నింపాలి. ఖాళీ గడి వదలడం స్టోర్సు పద్ధతి కాదు.

"పేరు అదే ఉండనీ అని చెప్పినా కదా!"

"అదే ఉంచినా సార్. ఫారంలో ఉండే పేరే."

"మరి కురుడుమలె?"

"అది పాత పెట్టె సార్. మీరు ఆపొద్దన్నారు. మీ ఫోను వారం నుంచి పాత దాంట్లోనే ఉండాది. కొత్త దాని పేరు, పాస్‌వర్డ్ కాగితంలో రాసిచ్చినా కదా. అవును సార్, ఎనక రూములో ఆ రెండో పెట్టె బాగా పని చేస్తా ఉండాదా?"

గుండూరావు ఫోను కట్ చేశాడు.

"అంటే బాంబు లేదు," అన్నాడు ఆరోగ్యదాస్. ఆయన గొంతులో ఊరట ఎంత ఉందో నిరాశ కూడా అంతే ఉంది.

"నాన్నా, ఇప్పుడన్నా చెప్పనిస్తావా?" అంది నమ్రత. "సోమవారం ఎనక గదికి మన నెట్ రాలేదు. ఒక గీత కూడా రాలేదు. నువ్వు ఇంత చేసి పెట్టించినావు కదా, చెప్తే బాధపడతావని చెప్పలేదు. అంబుజత్తను అడిగితే పాస్‌వర్డ్ ఇచ్చింది. వాళ్ల పెట్టె ఎనక వరండాలోనే ఉండాది, నా కిటికీకి ఎదురుగా. వారమంతా వాళ్ల నెట్‌లోనే పని చేసినా. కంపెనీలో రాయించిందీ అదే."

"అందుకా మా సీరియలు తిరిగింది!" అన్నాడు వెంకటేశయ్య.

"పోనీలెండి, పాప ఉద్యోగం కదా అని నేనే చెప్పలేదు," అంది అంబుజమ్మ. చేతిలో గరిటె ఇంకా అలాగే ఉంది.

"ఆ గుండు పేరు సోమవారమే హాల్లో చూసినా నాన్నా," అంది నమ్రత. "ఎవురో ఎగతాళికి పెట్టినారనుకున్నా. అదీ నీకు చెప్పలేదు." ఆమె గడియారం చూసుకుంది. "పదకొండూ నలభై ఆరు. అంకుల్, మీరు ఫ్యూజు పెట్టకపోతే సోమవారం నేను రైల్లో ఉంటా."

అందరూ వెంకటేశయ్య జేబు వైపు చూశారు. వెంకటేశయ్య గుండీ విప్పలేదు.

"పాప మీద నాకేం కోపం లేదు," అన్నాడు. "నా ఇంట్లోనే ఎత్తి పెంచినట్ల ఉండాది అది. కానీ నడివీధిలో దొంగ అన్నారు. నడివీధిలోనే ఎనక్కి తీసుకోవాల. ఆ గుండు ఎవురిదో ఆయన నోటితోనే చెప్పమనండి."

"నాకూ అది కావాల సార్," అన్నాడు చిక్కవెంకటప్ప. పెన్ను మూత మళ్లీ తీశాడు. "పుస్తకంలో రాసినాను కదా. గుండు ఎవురిది అని రాసి ముగించాల."

గుండూరావు వీధిని చూశాడు. దేవుడికి ఇచ్చింది తలనీలాలే. తల ఇంకా తనదే. దాన్ని వంచడం ఆయనకు అలవాటు లేదు. గడియారం పదకొండూ యాభై చూపించింది. నమ్రత హెడ్‌ఫోను వైరును వేలికి చుట్టుకుంటూ నిలబడింది. రెండేళ్లుగా నాలుగింటికి లేచే పిల్ల. వెనక గదికి గీత ఎందుకు రాలేదో ఆ వీధిలో తెలిసినవాడు ఒక్క గుండూరావే. ఆ బీరువా తాళంచెవి ఆయన మొలతాడుకే ఉంది.

"నాదే," అన్నాడు.

"ఏమి నాది?" అన్నాడు చిక్కవెంకటప్ప.

"గుండు. గుండు నాదే."

"ఫైవ్ జి?" అన్నాడు ఆరోగ్యదాస్.

"అదీ నాదే."

"గెస్టు?"

"అందరూ నావాళ్లే దాసూ! వెంకటేశయ్యగారు దొంగ కాదు. నేనే తప్పుగా మాట్లాడినా. ఇంగ ఫ్యూజు పెట్టండి స్వామీ!"

"సరిగా వినపడలేదు రావుగారూ," అన్నాడు వెంకటేశయ్య. "ఎండ నేరుగా తగల్తా ఉండాది."

"వెంకటేశయ్యా!" అని గరిటె ఎత్తింది అంబుజమ్మ. ఆమె భర్తను పేరు పెట్టి పిలవడం వీధి వినడం అదే మొదలు. వెంకటేశయ్య పరుగెత్తాడు. పదకొండూ యాభై ఐదుకు ఫ్యూజు బోర్డులో పడింది. అంబుజమ్మ వెనక వరండాలో పెట్టె ముందు నిలబడి లైట్లు లెక్కపెట్టింది. ఒకటి వెలిగింది. రెండు వెలిగాయి. మూడోది ఎర్రగా మినుకుమని పచ్చగా మారింది. పదకొండూ యాభై తొమ్మిదికి, కిటికీ అవతల నమ్రత బొటనవేలు ఎత్తి చూపించింది.

కాల్ నలభై నిమిషాలు సాగింది. ఆ నలభై నిమిషాలూ ఆ వీధిలో ఎవరూ టీవీ పెట్టలేదు. సౌభాగ్య టీచరు గ్రైండరు వేయలేదు. చిక్కవెంకటప్ప మోటారు సైకిలును స్టార్టు చేయకుండా వీధి చివరిదాకా తోసుకుంటూ పోయాడు. మంగళకు నిజంగానే తుమ్ము వచ్చింది. పెరట్లోకి పోయి తుమ్మింది.

నమ్రతకు వారంలో నాలుగు రోజులు ఇంటి నుంచి పని చేసే అనుమతి వచ్చింది. వెంకటేశయ్య ఇంటి నెట్ మీదనే వచ్చింది. కంపెనీ కాగితంలో అలాగే రాసి ఉంది. ఆ సాయంత్రం వెంకటేశయ్య ఇంట్లో సీరియలు తిరుగుతుంటే ఆయన గోడ వైపు చూసి ఊరుకున్నాడు. "అడ్వాన్సు పని చేసినాది చూడు," అన్నాడు గుండూరావు మంగళతో. ఆ విషయంలో మాత్రం ఆయన గొంతు తగ్గలేదు.

చీకటి పడకముందే పెరట్లోకి పోయి, ఈసారి స్పీకరు లేకుండా, గగన్‌కు ఫోను చేసి పేరు మార్చమన్నాడు. కురుడుమలె పెట్టమంటే, ఆ పేరుతో పాత పెట్టె నడుస్తోంది కాబట్టి గందరగోళమవుతుందని గగన్ చెప్పాడు. పాతది ఆపనా అని అడిగాడు. వద్దన్నాడు గుండూరావు. అయితే ఫారంలోని లాస్ట్ నేమ్ వేస్తానన్నాడు గగన్. వెయ్యప్పా అన్నాడు గుండూరావు.

రెండో పెట్టె ఇప్పటికీ బీరువాలోనే, స్టాకులో ఉంది. వెనక గదిలో సిగ్నలు గీతలు ఎప్పటికి వస్తాయని ఎవరైనా అడిగితే, గుండూరావు ఇంటి వైఫై ఇంగ్లీషు అక్షరాల్లో తన పేరే జవాబుగా చూపిస్తుంది: రావు.